గంధం రంగు చొక్కా

సాయంత్రం నాలుగింటికి జీపు వేసుకొస్తున్నాననీ, కోడలిని సిద్ధంగా ఉండమనీ ఇన్‌స్పెక్టర్ కబురు పెట్టాడు. ఆ కబురు ఫోన్లో అందేటప్పటికి డిటెక్టివ్ ఆసుపత్రి మెట్ల మీద మోకాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లిఫ్టు చెడిపోయింది. కడుపు జబ్బుల విభాగం మూడో అంతస్తులో ఉంది. నిలబడితే తూలిపోయే రోగుల్ని ఏరికోరి అంత పైకి ఎక్కించాలన్న ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో కనిపెట్టమంటే మాత్రం ఆ కేసు ఒప్పుకోకూడదని ఆయన అప్పుడే తీర్మానించుకున్నాడు.

"సార్, మా ఆవిడ వంటింట్లోంచి బయటికి రావట్లేదు. ఏడవట్లేదు కూడా. నాకు భయంగా ఉంది" అన్నాడు అవతలి నుంచి కొడుకు. "మీరు ఏదో ఒకటి చెయ్యాలి సార్."

"చేస్తాను" అన్నాడు డిటెక్టివ్.

పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, అది వదిలేసి సొంతంగా ఈ పని పెట్టుకున్నాకా ఆయన నోట్లో నలిగి నలిగి పీలికైన మాట అది. అన్న ప్రతిసారీ చేశాడని చెప్పలేం. అయినా ఫోన్లో అవతలివాళ్ళకు ఊపిరాడాలి కదా అని అనేస్తుంటాడు.

కేసు చూడబోతే చిన్నదే. రంగుల దుకాణం ముసలాయన, అందరూ రంగుల మేస్త్రీ అని పిలిచే మనిషి, నెలల తరబడి వాంతులతో తీసుకుంటున్నాడు. ఆసుపత్రిలో చేరిస్తే తగ్గుతాయి. ఇంటికి తీసుకొస్తే తిరగబెడతాయి. ఇంట్లో వంట చేసేది కోడలు. పాలు కాచి ఇచ్చేది కోడలు. ఆ పాలలో ఏదో కలుపుతోందని మేస్త్రీ అక్కగారు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. భార్య తరఫున నిలబడితే నాన్నకు ద్రోహి, నాన్న తరఫున నిలబడితే భార్యకు ద్రోహి. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్న కొడుకు వచ్చి డిటెక్టివ్‌ను పట్టుకున్నాడు.

డాక్టరమ్మ తన గదిలో చల్లారిన టీ ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె కళ్ళ కింద కూడా నిద్రలేమి చారలున్నాయి. డిటెక్టివ్‌కు ఆమె మీద ఒక్క క్షణం సోదరభావం కలిగింది.

"మళ్ళీ మొదట్నించీ చెప్పమంటారా?" అంది.

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి. నా చదువు అంతే."

"వాంతులు ఇన్నాళ్ళు ఆగకపోతే ముందు కడుపు చూస్తాం. గొట్టం వేసి చూశాను. పుండు లేదు, అడ్డు లేదు. తిన్నది కిందికి దిగడం ఆలస్యమవుతోందేమో చూశాను. కాస్త ఉంది, ఆ వయసులో ఉండేదే. షుగరు లేదు, కామెర్లు లేవు. కిడ్నీలు కొంచెం నీరసించాయి, అది వాంతుల వల్ల వచ్చింది. తలకి స్కాన్ తీయించాను. చెవిలో తేడా ఉన్నా కడుపులో తిప్పుతుంది కాబట్టి చెవుల డాక్టరుకి చూపించాను. ఏమీ లేదు. ఆఖరికి మనసులో బెంగేమో అని ఆ డాక్టర్ని పిలిపిస్తే, 'ముందు నీ కోటు ఉతికించుకో నాయనా, మరకలు' అని తరిమేశాడు మీ మేస్త్రీ."

డిటెక్టివ్ నవ్వాడు. ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

"వాడే మందులు?"

"గుండె లయ తప్పుతుందని రోజుకో మాత్ర ఉంది. చిన్న మోతాదే. ఇక్కడా అదే ఇస్తున్నాం. వాంతులు ఆగడానికి ఇచ్చేవన్నీ పైపై మందులు. కప్పు ఎక్కడ కారుతోందో తెలీకుండా నేల తుడుస్తున్నట్టుంది నా పని." ఆమె టీ కప్పు చేతిలోకి తీసుకుని, తాగకుండానే దించింది. "ఇంటికెళ్తే తిరగబెడుతోంది. అందుకే ఇన్‌స్పెక్టర్ విషం అంటే కాదని కొట్టెయ్యలేకపోయాను. పాలను పరీక్షకు పంపితే ఏమీ దొరకలేదన్నారు. దొరకనివి కూడా ఉంటాయి కదా అన్నాడాయన."

"ఇప్పుడు చేరి నాలుగు రోజులైంది. తగ్గిందా?"

డాక్టరమ్మ బల్ల మీది కేసు షీటు తన ముందుకి లాక్కుంది.

"అదే నాకు మింగుడుపడట్లేదు. ఇదివరకు రెండుసార్లూ ఈపాటికి లేచి కూర్చుని నర్సులతో సరసాలాడేవాడు. ఈసారి తగ్గలేదు. పైగా ఇవాళ నాడి మందగించింది. అసలే నీరసం, దానికి తోడు పాత గుండె జబ్బు. మనిషి చేతిలోంచి జారిపోతున్నాడండీ."

మేస్త్రీ గది ముందు కుర్చీ వేసుకుని ఒక కానిస్టేబులు కూర్చున్నాడు. అతను డిటెక్టివ్ జేబులు తడిమి, నోట్లో వేసుకునే బిళ్ళల డబ్బా ఒకటి తీసి తన దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమనుకోకండి సార్. తినేవి ఏవీ లోపలికి పోకూడదు. అక్కగారి చేత్తో తప్ప ఎవరి చేత్తోనూ ఏమీ తినిపించకూడదు. ఇన్‌స్పెక్టర్ గారి ఆర్డరు. నర్సులు ఇచ్చేది కూడా ఆవిడ చేతికే ఇవ్వాలి."

లోపల మేస్త్రీ గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఒకప్పుడు దిట్టమైన మనిషే. ఇప్పుడు మెడ ఎముకల మధ్య గుంటలు పడ్డాయి. మంచం పక్కన తెల్ల జుట్టు ముడి వేసుకున్న పెద్దావిడ, ఒళ్ళో సంచీ పెట్టుకుని, కోడిపిల్ల మీద రెక్క కప్పిన తల్లిలా కూర్చుంది. మేస్త్రీ కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనేనని పరిచయమైన మొదటి నిమిషంలోనే చెప్పింది.

మేస్త్రీ కళ్ళు చికిలించి డిటెక్టివ్‌ను కింది నుంచి పైదాకా చూశాడు.

"గంధం రంగు చొక్కా మీకు బాగా నప్పిందండీ" అన్నాడు నీరసంగా.

డిటెక్టివ్ తన చొక్కా వంక చూసుకున్నాడు. కొన్నప్పుడు తెల్లనిదే. ఇల్లాలు పోయాక బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. ఉతుకుడులో లోపం ఇంతగా బయటపడిపోయిందా అని మనసు చివుక్కుమంది. కాలరు సర్దుకుని కుర్చీ లాక్కున్నాడు.

"పాల సంగతి చెప్పండి మేస్త్రీ గారూ. మీరే చూశారా?"

"నేను కాక ఎవరు చూస్తారు? ఏళ్ళ తరబడి రంగులు కలిపిన కళ్ళు ఇవి. షేడు కార్డు ముట్టుకోను నేను. గిరాకీ వచ్చి 'పెళ్ళిలో కట్టిన పందిరి రంగు' అంటే చాలు, కలిపి పోస్తాను. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో తెలుసా మీకు? పాల తెలుపు, సున్నం తెలుపు, ముత్యం తెలుపు..." వెక్కులాంటిది అడ్డొచ్చి ఆగాడు. పెద్దావిడ చప్పున గిన్నె అందించింది. ఏమీ రాలేదు. గుటక వేసి మళ్ళీ మొదలెట్టాడు. "ఆ పిల్ల ఇచ్చిన పాలు పసుపు పచ్చగా ఉన్నాయి. ఒకనాడు కాదు, రోజూ. ఏం కలిపావమ్మా అంటే ఏమీ కలపలేదు మామయ్యగారూ అంటుంది. నా కళ్ళనే కాదంటుందా?"

"వాడి కన్ను తప్పదు బాబూ" అంది పెద్దావిడ. "వీధి వీధంతా చెబుతుంది, అడగండి."

"మీకెప్పుడు అనుమానం వచ్చిందమ్మా?"

"నేనొచ్చిన కొత్తలోనే. వీడికి గుండె బాగోలేదంటే చూసిపోదామని వచ్చాను. ఒకరోజు గుండె మాత్ర ఇవ్వడం మరిచిపోయింది ఆ మహాతల్లి. నేను చూస్తూనే ఉన్నాను, మధ్యాహ్నం దాకా దాని ఊసే లేదు. అప్పుడే అనుకున్నా, ఈ పిల్లను నమ్మితే నా తమ్ముడు నాకు దక్కడని. ఇంక వెనక్కి పోలేదు, ఇక్కడే ఉండిపోయా." ఆమె తమ్ముడి దుప్పటి సర్దింది. "ఇప్పుడది మాత్ర ఇచ్చినా ఇవ్వకపోయినా నాకు బెంగ లేదు లెండి. పాలతోనే నా బాధ."

డిటెక్టివ్ లేచాడు. కిటికీ గట్టు మీద తేనె సీసా, దాని పక్కన స్పూను ఉన్నాయి. ఇల్లంతా గాలించిన పోలీసులు ఫిర్యాదు ఇచ్చినావిడ సంచీని గానీ పెట్టెని గానీ గాలించి ఉండరనుకున్నాడు. ఆ ఆలోచన తలలో ఓ మూల పడేసి, బిళ్ళల డబ్బా వెనక్కి తీసుకుని మెట్లు దిగాడు. దిగేటప్పుడు మోకాలు ఇంకా ఎక్కువ తిట్టింది.

రంగుల దుకాణం ముందుభాగంలోనూ, ఇల్లు వెనకాలా ఉన్నాయి. దుకాణంలో అడుగుపెట్టగానే గల్లాబల్ల కింద మూతలు తెరిచిన డబ్బాలు వరసగా కనిపించాయి. డిటెక్టివ్ వంగి చూశాడు. అన్నీ తెల్లరంగే.

"వాపసు వచ్చినవి సార్" అన్నాడు కొడుకు సిగ్గుపడుతూ. "మీగడ రంగు అడిగితే నాన్న తెల్లరంగు కలిపి ఇచ్చారట. నిమ్మ రంగు అడిగితే నీళ్ళలాంటి రంగు. ఇదివరకు ఒక్క డబ్బా వెనక్కొచ్చిన పాపాన పోలేదు. వాంతుల నీరసంతో చెయ్యి తప్పుతోంది."

"పసుపు రంగు తక్కువ వేస్తున్నారన్నమాట."

"అవును సార్. వెయ్యమంటే, 'ఇంకా ఎంత వెయ్యను, ఇప్పటికే ఎక్కువైంది' అంటారు."

డిటెక్టివ్ ఒక మూత చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. ఏదో పట్టుబడబోయి జారిపోయింది. నిద్ర తక్కువైతే బుర్ర ఇలాగే ఉంటుంది, తలుపు దాకా వచ్చిన చుట్టం పేరు గుర్తురానట్టు.

వంటింట్లో కోడలు గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. ముప్ఫై దాటి ఉండదు. జుట్టు గట్టిగా ముడేసుకుంది. పోలీసుల కోసం చీర కూడా మార్చుకున్నట్టుంది. ఒక చిన్న సంచీలో బట్టలు సర్దుకుని తలుపు దగ్గర పెట్టింది. ఆ సంచీని చూసి డిటెక్టివ్‌కు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు.

"అప్పుడే సర్దేశారా?"

"నాలుగింటికి వస్తామన్నారుగా. వాళ్ళను కూర్చోబెట్టి సర్దుకోవడం ఏం బాగుంటుంది?" అంది. "మీరూ అడగండి. అందరూ అడిగారు. పాలలో ఏం కలిపానని."

"ఒక గ్లాసు పాలు ఇవ్వండి."

ఆమె గిన్నెలోంచి వంచి ఇచ్చింది. వెలుతురులో పెట్టి చూశాడు. తెల్లటి పాలు. గటగటా తాగేశాడు. ఆమె కళ్ళు మొదటిసారి తడిశాయి.

"ఈ నెల్లాళ్ళలో నా చేతి పాలు తాగినవాళ్ళు మీరొక్కరే" అంది. "మా ఆయన కూడా టీ బయటే తాగొస్తున్నారు."

"మామగారితో మీకు గొడవేమిటి?"

"గొడవ కాదండీ. డబ్బాలు వెనక్కొస్తున్నాయి, రంగులు కలిపే మెషీను తెచ్చుకుందాం అన్నాను. నంబరు నొక్కితే అదే కలిపేస్తుంది కదా అని. అంతే. 'నా కన్ను పోయిందంటావా' అని కంచం నెట్టేశారు. అప్పట్నుంచీ నాతో మాటల్లేవు. పక్కగుడ్డలు పసుపు పచ్చగా ఉన్నాయంటారు, నేను ఉతికిందే ఉతుకుతాను. నర్సమ్మల బట్టలు మాసిపోయాయంటారట. పాలంటే కలిపానన్నారు, సరే. పక్కగుడ్డల్లో కూడా నేనే కలిపానా?"

"డబ్బాలు వెనక్కి రావడం ఎప్పట్నుంచి?"

"వాంతులు మొదలైనప్పట్నుంచే. కాస్త అటూ ఇటూగా."

"గుండె మాత్ర ఇచ్చేదెవరు?"

"నేనే. పొద్దున టిఫినయ్యాక ఒకటి. ఒక్కరోజు మరిచిపోయాను, దానికి పెద్దత్తయ్యగారు నన్ను ఉతికి ఆరేశారు. ఆ తర్వాత ఒక్కనాడు తప్పలేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఆవిడా పాపం రాత్రిళ్ళు నిద్రపోరు. వాంతైనప్పుడల్లా లేచి ఆయన నోట్లో తేనె వేస్తారు, కడుపులో మంట తగ్గుతుందని. ఆవిణ్ణి నేనేమీ అనను. ఆవిడ వచ్చాకే ఆయనకు ఇంత సేవ జరుగుతోంది."

బయట జీపు ఆగింది. చెప్పిన సమయానికి ముందే వచ్చాడు ఇన్‌స్పెక్టర్. అరెస్టుల విషయంలో అతనిదెప్పుడూ తొందరే. ఒకప్పుడు డిటెక్టివ్ చేతి కింద పనిచేసినవాడు. పని నేర్పిన చేతినే కరవడం కూడా ఆ చేతి కిందే నేర్చుకున్నాడని స్టేషన్లో చెప్పుకునేవారు.

"నమస్కారం గురువుగారూ" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి. వెనక లేడీ కానిస్టేబులు. "పాలు తాగుతున్నారా? ధైర్యమే."

"నువ్వూ తాగు. కాస్త చల్లబడతావు."

"నా డ్యూటీ అయ్యాక తాగుతాను. అమ్మా, బయల్దేరు."

"ఏ ఆధారంతో?" అన్నాడు డిటెక్టివ్.

"కళ్ళతో చూసిన సాక్షి ఉన్నాడు. ఊళ్ళో అంత నిక్కచ్చి కన్ను ఇంకొకటి లేదు."

"ల్యాబులో ఏమీ దొరకలేదుగా?"

"దొరక్కుండా కలిపింది. తెలివైన పిల్ల. మెషీను కోసం మామగారితో గొడవపడింది. ఇంట్లో ఉంటే జబ్బు, ఆసుపత్రిలో ఉంటే నయం. ఇంకేం కావాలి?"

"ఈసారి ఆసుపత్రిలో నయం కాలేదు."

"వెళ్ళేముందు గట్టి డోసు ఇచ్చి పంపుంటుంది."

"నాలుగు రోజుల కిందట ఇచ్చింది ఇవాళ ఎక్కువవుతుందా?"

"గురువుగారూ, మీరు పెద్దవారు. ఇంట్లో విశ్రాంతి తీసుకోక ఈ మెట్లూ గడపలూ ఎక్కి దిగడం ఎందుకు? మీ కాలం వేరు. మీరు మనుషుల మొహాలు చూసి వదిలేసేవారు. నేను వదలను."

డిటెక్టివ్ ఓపిక అక్కడితో సరి.

"ఒరేయ్, నీకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇదే రోగం. ఎవర్ని చూసినా దొంగే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందిట, అలాగ నీకు..."

మాట నోట్లోనే ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డ అయింది. డిటెక్టివ్ అతన్ని చూడటం లేదు. కిందికి వంగి తన చొక్కా చూసుకుంటున్నాడు. తెల్ల చొక్కా. ఎంత చూసినా తెల్ల చొక్కాయే. మాసిందనుకోవచ్చు, గంధం రంగు మాత్రం ఎవరూ అనుకోరు.

"అమ్మాయ్" అన్నాడు కోడలితో, "నా చొక్కా ఏం రంగు?"

"తెలుపండీ" అంది ఆమె బిత్తరపోయి.

ఆయన ఫోను తీసి డాక్టరమ్మకు కలిపాడు. అందరికీ వినిపించేలా పెట్టి గట్టు మీద ఉంచాడు.

"డాక్టర్‌గారూ, మేస్త్రీకి కామెర్లు లేవన్నారు. ఖాయమేనా?"

"ఖాయం. ఎందుకు?"

"ఆయనకు పాలు పచ్చగా కనబడుతున్నాయి. పక్కగుడ్డలు పచ్చగా కనబడుతున్నాయి. మీ మనసు డాక్టరుగారి కోటు, నా చొక్కా కూడా. రంగు కలిపితే పసుపు వెయ్యకుండానే ఎక్కువైందంటున్నాడు. వాంతులు కూడా అప్పుడే మొదలయ్యాయి. కామెర్లు కాకుండా తెలుపంతా పచ్చగా కనిపించే రోగం ఇంకేదైనా ఉందా?"

అవతల కుర్చీ గట్టిగా వెనక్కి జరిగిన చప్పుడైంది.

"రోగం కాదండీ" అంది డాక్టరమ్మ. గొంతు మారిపోయింది. "మాత్ర. ఆ గుండె మాత్ర. మోతాదుకీ విషానికీ మధ్య గట్టు చాలా సన్నం దానికి. ఎక్కువైతే మొదట వాంతులు పట్టుకుంటాయి. తర్వాత చూపులో పసుపు దిగుతుంది. ఆ తర్వాత గుండె మందగిస్తుంది, ఆగిపోతుంది. కిడ్నీలు నీరసిస్తే ఉన్నది కూడా బయటికి పోదు. కానీ రోజుకొకటేగా! ఒక్కదానితో ఇంత కాదు. ఎవరో ఎక్కువ వేస్తున్నారు. నేను వెంటనే ఆ మాత్ర ఆపించి, రక్తం తీయిస్తాను."

ఫోను పెట్టేసింది. ఇన్‌స్పెక్టర్ మొహంలో మెల్లగా నవ్వు విచ్చుకుంది.

"చాలా థాంక్స్ గురువుగారూ. నాకు దొరకని విషం మీరే పట్టిచ్చారు. మాత్ర ఇచ్చేదెవరమ్మా? నువ్వేనా?"

కోడలు గోడకు జారగిలబడింది. "నేనే" అంది. "కానీ ఒకటే ఇచ్చానండీ."

"స్టేషన్లో చెబుదువుగాని."

డిటెక్టివ్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ పిల్లను బయటికి లాగుదామని పగ్గం వేసి, దాన్నే మెడకు బిగించాడు. ఏదో తప్పిపోయింది. ఈమె నాలుగు రోజులుగా ఆసుపత్రి గడప తొక్కలేదు. నాడి మందగించింది ఇవాళ. ఇదివరకు రెండుసార్లు తగ్గిన చోటే ఈసారి పెరిగింది. ఈసారి ఏం మారింది?

"ఇదివరకు ఆసుపత్రిలో ఆయన పక్కన ఎవరు పడుకున్నారు?"

"నేనే సార్" అన్నాడు గుమ్మం అవతల నుంచి కొడుకు. "మగవాళ్ళ వార్డు కదా, ఆడవాళ్ళను ఉండనివ్వరు. ఈసారి ఇన్‌స్పెక్టర్ గారు చెప్పి వేరే గది ఇప్పించారు. పెద్దత్తకు ప్రత్యేకంగా అనుమతి..."

మాత్ర ఇచ్చినా ఇవ్వకపోయినా నాకు బెంగ లేదు లెండి. పొద్దున పెద్దావిడ అన్న ఆ మాట విని కూడా వినలేదు ఆయన. ఎందుకు లేదు బెంగ? తమ్ముడికి తుమ్మొచ్చినా బెంగపడే మనిషికి, మాత్ర విషయంలో మాత్రం ఎందుకు లేదు?

"పెద్దావిడ గది ఎక్కడ?"

అది దుకాణం వెనక చిన్న గది. మంచం, రేకు పెట్టె, గోడకు ఒక అద్దం. పెట్టెకు తాళం లేదు. పైన మడతపెట్టిన చీరలు, కింద ఒక గుడ్డ మూట. డిటెక్టివ్ మూట విప్పాడు. మెరిసే రేకులు జలజలా మంచం మీద పడ్డాయి. మాత్రలు తీసేసిన ఖాళీ రేకులు. గుప్పెడు కాదు, రెండు చేతులా పట్టేన్ని. ఆవిడ వాటిని పారెయ్యకుండా దాచుకుంది. ఖాళీ రేకు చూపించి మళ్ళీ అదే మాత్ర కొనుక్కోవాలి కదా.

కోడలు ఒక రేకు చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పి చూసింది.

"మామయ్యగారి మాత్రే" అంది. కాసేపటికి, తనలో తను అనుకుంటున్నట్టు, "తేనె" అంది.

ఇన్‌స్పెక్టర్ నవ్వు మాయమైంది. అతను తెలివితక్కువవాడు కాదు, తొందరపాటు మనిషి, అంతే. కానిస్టేబులుకు ఫోను కలిపి, అందరికీ వినిపించేలా పెట్టాడు.

"అంతా మీరు చెప్పినట్టే సార్" అన్నాడు అవతల కానిస్టేబులు. "డాక్టరమ్మగారొచ్చి తలుపు తియ్యమంటున్నారు. మీ ఆర్డరు లేందే లోపలికి ఏమీ పోనివ్వనన్నాను. చేతిలో సూది ఉంది సార్. అరుస్తున్నారు."

"ముందు పెద్దావిడకు ఫోనివ్వు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కంగారులో ఏది ముందు చెప్పాలో, ఏది వెనక చెప్పాలో తెలీలేదతనికి. తలుపు ఓరగా తెరుచుకుని, మళ్ళీ మూసుకుని లోపల గడియ పడిన చప్పుడు.

"ఎవరూ, ఇన్‌స్పెక్టర్ బాబా? దాన్ని పట్టుకున్నారా?"

ఇన్‌స్పెక్టర్ ఫోను ముందుకు చాచాడు. డిటెక్టివ్ ఫోను అందుకున్నాడు.

"అమ్మా, గుండె మాత్ర మీరు కూడా వేస్తున్నారా?"

"వెయ్యకపోతే? దాని చేతి మాత్ర నమ్ముకుని కూర్చోమంటారా? రోజూ రాత్రి తేనెలో నూరి నేనే వేస్తున్నాను. కక్కేస్తే మందు పోయినట్టే కదా బాబూ, అందుకని వాంతైన ప్రతిసారీ మళ్ళీ ఇంకొకటి. ఇవాళ మూడుసార్లు అయ్యాయి పాపం. మూడుసార్లూ వేశాను. ఒక్కటి కూడా తప్పనివ్వలేదు." ఆ గొంతులో అలసట ఉంది, అంతకంటే ఎక్కువ గర్వం ఉంది. "ఇప్పుడే మళ్ళీ కక్కాడు. ఇంకొకటి నూరాను. ఉండండి, వేసి వస్తాను."

డిటెక్టివ్ ఎన్నో ఇళ్ళలో ఎన్నో చావు కబుర్లు చెప్పాడు. నీ తమ్ముణ్ణి చంపుతున్నది నువ్వేనమ్మా అన్న మాటకు మాత్రం ఆయన నోరు తిరగలేదు. ఆ ఒక్క క్షణం ఆలస్యమే కొంప ముంచింది. కోడలు ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది.

"పెద్దత్తయ్యా, నేను. మీకు దణ్ణం పెడతాను, ఆ మాత్ర వెయ్యకండి. ఆ స్పూను కింద పెట్టండి. మామయ్యగారికి అదే విషం!"

ఆ మాట సత్యమే. లోకంలో ఇంకెవరి నోట వచ్చినా పెద్దావిడ కనీసం ఆగి ఆలోచించేది.

"నువ్వా?" అంది పెద్దావిడ నెమ్మదిగా. "వాడికి మందు వెయ్యొద్దని నువ్వు చెబుతున్నావా నాకు?"

"జీపు స్టార్ట్ చెయ్!" అని ఇన్‌స్పెక్టర్ అరుస్తూ బయటికి పరిగెత్తాడు. పరిగెడుతూనే, ఫోను కోడలి చేతిలోనే ఉండిపోయిందని గుర్తొచ్చి వెనక్కి తిరిగి, "తలుపు తియ్యమను! డాక్టర్ని పోనివ్వమను!" అని కేకేశాడు. డిటెక్టివ్ ఆ మాటలే ఫోన్లోకి గొంతు చించుకుని అరిచాడు. అవతల ఫోను అప్పటికే ఎక్కడో పక్కన పెట్టేసినట్టుంది. దూరంగా తలుపు బాదుతున్న చప్పుడు. దగ్గరగా, సీసా అంచుకు స్పూను తగిలిన చిన్న చప్పుడు.

తర్వాత పెద్దావిడ గొంతు, చంటిపిల్లాణ్ణి లాలిస్తున్నంత మెత్తగా, వినిపించింది.

"నోరు తెరువు నాయనా."